బ్లాకులు లేవా? టామ్ బర్క్‌లా స్టార్ట్ తీసుకోండి

మా స్కూల్లో స్టార్టింగ్ బ్లాకులు, అంటే పరుగు మొదలుపెట్టేటప్పుడు పాదాలు ఆనించి తన్నే దిమ్మలు, లేవు. అందుకే పరుగు నేర్పే ముందు పిల్లలకు ఒక పాత ఫొటో చూపిస్తాను. 1896, ఏథెన్స్ ఒలింపిక్స్, వంద మీటర్ల స్టార్ట్. పక్కవాళ్లు నిలబడే కాస్త ముందుకు వంగి ఉంటారు. టామ్ బర్క్ మాత్రం చేతులు నేలకు ఆనించి, కిందికి ఒదిగి ఉంటాడు. బోస్టన్‌లో లా చదువుతున్న 21 ఏళ్ల కుర్రాడు. నిజానికి అతని బలం క్వార్టర్ మైలు, అంటే దాదాపు నాలుగు వందల మీటర్ల పరుగు. అయినా వంద మీటర్లు 12.0 సెకన్లలో, నాలుగు వందలు 54.2లో గెలిచాడు. అమెచ్యూర్ కాబట్టి డబ్బేమీ లేదు. వెండి పతకం, ఆలివ్ కొమ్మ ఇచ్చారు.

ఒలింపిక్స్‌లో బ్లాకులు వాడింది 1948 నుంచే. 1936లో అమెరికా పరుగు వీరుడు జెస్సీ ఓవెన్స్ కూడా పాదాలు ఆనించడానికి చిన్న తాపీతో గుంటలు తవ్వుకునే పరిగెత్తాడు. మనకూ తాపీ చాలు.

ముందు ఏ కాలు వెనక ఉండాలో తేల్చండి. పిల్లాడిని నిటారుగా నిలబెట్టి వెనక నుంచి మెల్లగా నెట్టండి. తూలకుండా ఏ కాలు ముందుకు వేస్తాడో, సాధారణంగా అదే వెనక కాలు. గీతకు సున్నం లేకపోతే మడమతో గీయండి. 1897లో మొదటి బోస్టన్ మారథాన్‌కు స్టార్టర్‌గా (పరుగు మొదలుపెట్టించే మనిషిగా) వెళ్లిన బర్క్ కూడా మట్టిలో మడమతోనే గీత గీశాడు.

గీత నుంచి, పిల్లాడి పాదంతో కొలిస్తే, దాదాపు రెండు పాదాల వెనక మొదటి గుంట, ఇంకో పాదం వెనక రెండోది. లోతు ముఖ్యం కాదు, వెనక గోడ ముఖ్యం. అది కొంచెం ఏటవాలుగా, గట్టిగా ఉండాలి. ఎర్రమట్టి పొడిగా ఉంటే తొక్కగానే రాలిపోతుంది, కాలు జారుతుంది. నీళ్లు చిలకరించి, తాపీ వీపుతో గట్టిగా అద్ది, కాస్త ఆరనివ్వండి. ఈ ఒక్క పని శ్రద్ధగా చేస్తే సగం స్టార్ట్ వచ్చినట్టే.

'సెట్' అనగానే నడుము భుజాలకన్నా కొంచెం పైకి లేవాలి, చేతులు నిటారుగా ఉండాలి, చూపు నేల మీదే. విజిల్ పడగానే రెండు కాళ్లతోనూ గోడల్ని తన్నాలి. పిల్లలు టెన్షన్‌లో వెంటనే తలెత్తి నిలబడిపోతారు. బర్క్ అలా కిందికి వంగింది దేనికో అప్పుడే చెప్పండి. ఒళ్లు కిందుగా ఉంటేనే తోపు ముందుకు వెళ్తుంది. మొదటి ఏడెనిమిది అడుగుల్లో మెల్లగా లేస్తే చాలు.

ప్రాక్టీస్ అయ్యాక గుంటలు పూడ్చి తొక్కించండి. లేకపోతే సాయంత్రం అక్కడే కబడ్డీ ఆడేవాళ్ల కాలు మడత పడుతుంది.