జర్మనీలో ఇంటెన్సివ్ భాషా కోర్సు: క్లాసు అయ్యాక ఏం చేయాలి, ఎటు వెళ్లాలి

ఇంటెన్సివ్ కోర్సులో మామూలుగా వారానికి 20 నుంచి 25 పీరియడ్లు ఉంటాయి. పీరియడ్ అంటే 45 నిమిషాలు. పొద్దుటి బ్యాచ్ అయితే ఒంటిగంటకల్లా బయటపడతారు. చాలామంది చేజార్చుకునేది ఆ తర్వాతి సమయాన్నే. గదికొచ్చి వంట చేసుకుని, ఇంటికి ఫోన్ చేసి, తెలుగులోనే రోజు ముగించేస్తే పొద్దున నేర్చుకున్నది క్లాసులోనే ఉండిపోతుంది. హోంవర్క్ ఉంటే ముందు అది ముగించండి. తర్వాత రోజుకి ఒక్క పని పెట్టుకుని బయటికి వెళ్లండి.

మొదటి వారానికి బేకరీని మించిన చోటు లేదు. సంభాషణంతా అరనిమిషంలో అయిపోతుంది. 'ఇష్ హెట్టె గెర్న్ త్స్వై బ్రోట్‌షెన్' అంటే రెండు చిన్న రొట్టెలు కావాలని మర్యాదగా అడగడం. అది అందరూ అప్పజెప్పేస్తారు. నోరు పడిపోయేది ఎదుటివాళ్లు తిరిగి అడిగినప్పుడు. 'జొన్స్ట్ నోఖ్ ఎట్వాస్?' అంటే ఇంకేమైనా కావాలా అని. 'త్సుమ్ మిట్‌నేమెన్?' అంటే పట్టుకెళ్తారా అని. కాబట్టి మీ వాక్యం ఒక్కటే కాదు, వాళ్లు అడగబోయే రెండు ప్రశ్నలు కూడా కాగితం మీద రాసుకుని వెళ్లండి. పొద్దున ఆఫీసుల వేళ వెనక క్యూ తోస్తూ ఉంటుంది. మధ్యాహ్నం మూడు ప్రాంతం మేలు. తడబడగానే వాళ్లు ఇంగ్లిష్‌లోకి మారిపోతే నొచ్చుకోకండి, అది సాయం చేద్దామనే. 'క్యోనెన్ వియర్ బిట్టె డాయిచ్ ష్ప్రెషెన్?' (దయచేసి జర్మన్‌లో మాట్లాడదామా) అని అడిగితే చాలామంది సంతోషంగా జర్మన్‌లోకి వచ్చేస్తారు.

షికార్లలో అసలు చిక్కు అంకెల దగ్గర వస్తుంది. జర్మన్‌లో 47ని 'ఏడూ నలభై' అన్న వరసలో పలుకుతారు. విన్నది విన్నట్టు రాసుకుంటూ పోతే 74 అవుతుంది. మాట పూర్తయ్యేదాకా పెన్ను కదపకండి. టైమ్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 'హల్ప్ ఫియర్'లో సగం, నాలుగు అన్న మాటలు వినబడగానే మనకు నాలుగున్నర అనిపిస్తుంది. నిజానికి అది మూడున్నర, నాలుగుకి అరగంట తక్కువ అని. అలా పొరబడితే గంట ఆలస్యం, రైలు పోయినట్టే. ఎవరైనా అలా చెప్తే వెంటనే 24 గంటల లెక్కలో తిప్పి అడగండి: 'ఫ్యున్ఫ్‌త్సేన్ ఊర్ డ్రైసిష్?' అంటే 15:30కేనా అని.

టికెట్ విషయానికొస్తే, నెలంతా తిరిగేవాళ్లకి డాయిచ్‌లాండ్ టికెట్ చవక. 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. సిటీ బస్సు, ట్రామ్, మెట్రో, ప్రాంతీయ రైళ్లన్నిటికీ చెల్లుతుంది. ఐసీఈ, ఐసీ లాంటి దూరప్రయాణపు రైళ్లకు చెల్లదు. ఇది క్యాలెండర్ నెల లెక్కన సాగే చందా, ఆపాలంటే ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి. కోర్సు నెలాఖరుకి అయిపోతుందని తెలిసీ 10 దాటనిచ్చి ఇంకో నెల కట్టేవాళ్లు ఎందరో. అది లేనివాళ్లు గుంపుగా వెళ్తే లెండర్ టికెట్ చూడండి. ఒకే టికెట్ మీద ఐదుగురి దాకా ఒక రాష్ట్రమంతా రోజంతా తిరగొచ్చు. కాకపోతే మామూలు రోజుల్లో ఉదయం 9 తర్వాతే మొదలవుతుంది, దాని మీద పేర్లు రాయాలి. కాగితపు సిటీ టికెట్లు కొన్నిటికి మెషిన్‌లో ముద్ర కొట్టాలి. కొట్టకపోతే కొననట్టే లెక్క, జరిమానా 60 యూరోలు.

మొదటి వారాంతాల్లో గంటలోపు దూరం చాలు: బెర్లిన్ నుంచి పోట్స్‌డామ్, కొలోన్ నుంచి బాన్, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మైన్జ్. కొన్ని రైళ్లు దారిలో రెండుగా విడిపోయి చెరో ఊరికి వెళ్తాయి. అనౌన్స్‌మెంట్‌లో 'ఫోర్డరర్ త్సూగ్‌టైల్' అంటే ముందు భాగం, 'హింటరర్' అంటే వెనక భాగం. ఎక్కే ముందు పెట్టె మీద ఊరి పేరు చూసుకోవాలి. 'ఫెల్ట్ అవుస్' అని వినబడితే ఆ రైలు రద్దయినట్టు. ఇక ఆదివారం దుకాణాలు మూసేస్తారు, సరుకులు శనివారమే తెచ్చుకోండి. చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు.

ఎవరితో వెళ్తున్నారన్నది ఎక్కడికి వెళ్తున్నారన్నదాని కన్నా ముఖ్యం. ముగ్గురు నలుగురు, వీలైతే తలో మాతృభాష వాళ్లు ఉండాలి. ఎనిమిది మంది అయ్యారంటే పది నిమిషాల్లో జట్లుగా విడిపోతారు, ఎవరి భాష వాళ్లు అందుకుంటారు. బయల్దేరేముందే పనులు పంచుకోండి: ఒకరు టికెట్, ఒకరు దారి అడగడం, ఒకరు కేఫ్‌లో ఆర్డర్. మరుసటి వారం మార్చుకోండి, లేకపోతే బాగా వచ్చినవాళ్లే అన్నీ మాట్లాడేస్తారు. కేఫ్‌లో బిల్లు వేళ 'త్సుజామెన్ ఓడర్ గెట్రెంట్?' అంటారు, కలిపా విడివిడిగానా అని. విడివిడిగా అంటే ఎవరు ఏం తిన్నారో వాళ్లే చెప్పాలి, ఇంతకన్నా మంచి అభ్యాసం దొరకదు. టిప్ బల్ల మీద వదిలేసి రావడం కాదు, కలిపిన మొత్తం చెప్పి ఇవ్వడం అక్కడి పద్ధతి. బిల్లు 9.20 అయితే 'త్సేన్' అని పది ఇవ్వండి. కార్డు తీసుకోని చోట్లు ఇంకా ఉన్నాయి, ఇరవై యూరోలు నగదు దగ్గరుండాలి.

తిరుగు రైల్లో నిద్రపోకుండా ఐదు వాక్యాలు రాయండి. సోమవారం టీచర్ వారాంతం ఎలా గడిచిందనే మొదలుపెడతారు, జవాబు భూతకాలంలో చెప్పాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. జర్మన్‌లో భూతకాలానికి ఒక సహాయక క్రియ తోడు కావాలి. ఒకచోటి నుంచి ఇంకో చోటికి కదలడాన్ని చెప్పే క్రియలకు అది 'హాబెన్' కాదు, 'జైన్' ('నేను'తో 'బిన్' అవుతుంది): 'ఇష్ బిన్ నాఖ్ బాన్ గెఫారెన్', అంటే నేను బాన్ వెళ్లాను అని. అదే మీరు కారు నడిపారని చెప్పాలంటే కర్మ వచ్చి చేరుతుంది కాబట్టి మళ్లీ 'హాబెన్': 'ఇష్ హాబె దాస్ ఆటో గెఫారెన్'.