కత్తి పిడికి పాతదనం తెచ్చాను: నా అనుభవం

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నాటకం కోసం కర్నూలులో మా ఇంటి మేడ మీద చెక్కతో కత్తి చేసి, పిడికి వెండి రంగు వేశాను. ఆయన్ని కోయిలకుంట్లలో ఉరి తీసింది 1847లో. ఆ కాలపు కత్తి పిడి కొత్త స్టీలు గ్లాసులా మెరిసిపోతుంటే నాకు మనసొప్పలేదు.

నల్ల అక్రిలిక్ రంగులో కొంచెం ముదురు గోధుమరంగు కలిపి, నీళ్లతో పలచన చేసి పిడంతా పూశాను. సందుల్లో రంగు నిలవాలి, పైపైన తుడిచేయాలి. కానీ అది రోహిణి కార్తె. బట్ట తెచ్చేలోపే రంగు ఆరి మచ్చలు మచ్చలుగా పట్టేసింది. అక్రిలిక్ ఆరిందంటే ఇక నీళ్లకు రాదు. నాటకం మూడు రోజుల్లో ఉంది, ఒకటే టెన్షన్.

400 నంబరు సాండ్ పేపర్‌తో రుద్ది, మళ్లీ వెండి రంగు వేశాను. దాని మీద మెరుపు వార్నిష్ ఒక పూత వేసి రాత్రంతా ఆరనిచ్చాను. కింద నున్నగా ఉంటే పై రంగు తుడిస్తే వచ్చేస్తుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు బెత్తెడు మేర పూయడం, వెంటనే తడిబట్టతో తుడవడం. ఈసారి నలుపు సందుల్లోనే ఆగింది.

అసలు అందం ఆ తర్వాతి పనిలో ఉంది. రోజూ చెయ్యి తగిలే చోట లోహం నల్లబడదు, అరిగి మెరుస్తుంది. అందుకే దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో అంచులకూ, బొటనవేలు ఆనే చోటికీ వెండి రంగు తాకించాను. ఇత్తడి రంగు గుబ్బకు మాత్రం తుప్పు పెట్టలేదు. ఇత్తడికి పట్టేది పచ్చటి చిలుము. పిడికి చుట్టే నూలుతాడును ముందే టీ డికాక్షన్‌లో నానబెట్టి ఆరబెట్టాను.

చివరగా మెరుపు లేని వార్నిష్. మా పెదనాన్న చేతిలోకి తీసుకుని, "ఇది ఎవరింట్లోదిరా?" అని అడిగాడు.