పాత ఇంటికి సున్నపు పని – ఐదవ పాఠం: రాలిన సందులు, గుప్పెడు సిమెంటు

ఈ పాఠంలో మద్రాసు మిద్దె కప్పు గురించి చెబుతానని క్రిందటిసారి మాట ఇచ్చాను. ఆ మాట ఇప్పుడు నిలబెట్టుకోలేకపోతున్నాను. ఇటుకల మధ్య సందులను సున్నంతో నింపడం గురించిన నాలుగవ పాఠం చదివి చెన్నైలో సొంతంగా పని మొదలుపెట్టినవారు రాసిన ఉత్తరాలన్నీ ముందుంచుకుని చూస్తే, కొందరి సున్నం పదిహేను రోజులకు గోరు తగిలితే పొడిగా రాలింది, కొందరిది సాలెగూడులా పగిలింది, మరికొందరి గోడలో నింపిన సందు నిక్షేపంగా ఉండి చుట్టూ ఉన్న ఇటుక పెచ్చులూడడం మొదలుపెట్టింది. గోడ నిలవకుండా కప్పు జోలికి పోవడం తగదు కనుక ఈసారి ఈ మూడు తప్పుల సంగతే చూద్దాం. వీటిలో ఒకటి నాది: ఇసుకను ఎప్పుడు కొలవాలో చెప్పకుండా ఎంత కలపాలో మాత్రమే చెప్పాను.

ముందు పొడిగా రాలిన సున్నం. గుల్ల గాని సున్నపురాయి గాని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలినప్పుడు దానిలోని కార్బన్ డయాక్సైడ్ వెళ్ళిపోతుంది. నీళ్ళు పోసి తడిపిన ఆ సున్నం గోడలో చేరాక గాలిలోని అదే వాయువును తిరిగి పట్టుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. ఈ మార్పు గోడలో జరగాలి గాని దుకాణంలో మూతి విప్పి ఉంచిన సంచిలో కాదు. వెల్ల వేయడానికి అమ్మే సున్నం కొని వాడామని రాసినవారు మిగిలిన సున్నంలో ఒక చెంచాడు పళ్ళెంలో వేసి, దాని మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండి చూడండి. బాగా నురగ పొంగితే అది సంచిలోనే సుద్దగా మారిపోయిందని అర్థం. దానికి ఇక పట్టు ఉండదు, పారవేయడమే మేలు. మంచి సున్నం దాదాపు నురగ లేకుండా ఊరుకుంటుంది. నేను గుల్ల సున్నమే తెప్పించుకుంటాను, తడిపాక కనీసం రెండు నెలలు డ్రమ్ములో నీటి కింద ఉంచుతాను. రెండు వారాలు చాలుననేవారు ఉన్నారు, వారి పనీ నిలుస్తుంది. కాని పాత సున్నం తాపీ మీద వెన్నలా జారే తీరు ఒకసారి చూసినవారికి తొందర ఉండదు. కాల్చిన గుల్లను మీరే తడుపుతున్నట్లయితే కళ్ళకు రక్షణ అద్దాలు లేకుండా డ్రమ్ము దగ్గరకు పోకండి, నీళ్ళు సలసల కాగి చిమ్ముతాయి.

సున్నం మంచిదే అయినా ఎవరిది రాలిందో వారు గోడను తడపలేదు. పాత మద్రాసు ఇటుక తక్కువ వేడిలో కాలిన మెత్తని ఇటుక, అది నీటిని ఆత్రంగా పీలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ ముందు నీటిలో కరిగితే తప్ప సున్నాన్ని చేరలేదు కాబట్టి ఎండిపోయిన సందులో గట్టిపడడం అన్నది అక్కడితో ఆగిపోతుంది. ముందురోజు సాయంత్రం ఒకసారి, పనికి గంట ముందు ఒకసారి తడపాలి. తాపీ పెట్టే సమయానికి గోడ రంగు ముదిరి ఉండాలి గాని మీద నీరు మెరవకూడదు.

ఇక పగుళ్ళు, అంటే నా తప్పు. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుక అన్నాను. ఆ మూడు ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే పొరపాటు జరగదు. పొడి ఇసుకను గ్లాసు నిండా పోసి, వేరే కొలత గ్లాసుతో నీళ్ళు మెల్లగా పోస్తూ పోతే, నీరు ఇసుక అంచుకు చేరేసరికి సుమారు మూడో వంతు పడుతుంది. ఇసుక రేణువుల మధ్య ఉన్న ఆ ఖాళీని సున్నం నింపాలి, అంతకు మించి ఉన్న సున్నం ఆరేటప్పుడు కుంచించుకుని పగులుతుంది. తడి ఇసుకను తట్టతో కొలిస్తే రేణువుల చుట్టూ ఉన్న నీటి పొర వాటిని ఎడంగా నెట్టి, ఇసుక 20 నుంచి 30 శాతం దాకా ఉబ్బినట్లు కనిపిస్తుంది. మూడు తట్టలు వేశామనుకున్నవారు నిజానికి రెండున్నర తట్టలు కూడా వేయలేదు. మందవెల్లి నుంచి రాసిన ఒకామె ఇసుక కుప్ప మీద రాత్రి వాన పడిందనీ, అయినా కొలత తప్పలేదనీ వాదించారు. అమ్మా, తప్పినది ఆ కొలతే. ఇసుకను ఎండబెట్టి కొలవండి. ఎం-శాండ్, అంటే రాతిని పిండిచేసి తయారుచేసిన ఇసుక వాడేవారు దానిలోని మెత్తటి రాతిపొడిని కడిగి తీసివేయాలి, సముద్రపు ఇసుకను మాత్రం ఎంత కడిగినా వాడవద్దు.

ఇప్పుడు మూడవ తప్పుకు వస్తున్నాను. దీని గురించి రెండవ పాఠంలో చెప్పాను, నాలుగవ పాఠంలో మళ్ళీ చెప్పాను, అయినా ఉత్తరాలలో అదే మాట: “పట్టు కోసం గుప్పెడు సిమెంటు కలిపాము.” కొందరు తాము కలపలేదనీ, తాము భోజనానికి వెళ్ళినప్పుడు కొత్తనార్ (తాపీ మేస్త్రీ) కలిపేశాడనీ రాశారు. ఎవరు కలిపినా గోడకు ఒకటే.

చెన్నైలో పాత ఇంటి గోడలోకి నీరు రాకుండా పూర్తిగా ఆపడం ఎవరివల్లా కాదు. నేలలోని చెమ్మ పునాది గుండా పైకి పాకుతుంది. వీధికి ఏటేటా తారు పొర మీద పొర వేయడంతో ఒకప్పుడు వీధికంటే ఎత్తుగా ఉన్న అరుగు ఇప్పుడు దాని కంటే పల్లంలో ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వాన గాలితో కలిసి గోడను కొడుతుంది. లోపలికి వచ్చిన నీరు ఏదో దారిన బయటకు పోవాలి. సున్నపు సందు ఆ దారి. ఇటుక కంటే సందు ఎక్కువగా గాలి ఆడనిస్తుంది కాబట్టి నీరు సందు గుండా ఆవిరి అవుతుంది, నీటితో వచ్చిన ఉప్పు కూడా సందులోనే పేరుకుంటుంది. ముప్ఫై నలభై ఏళ్ళకు ఆ సందు తినుకుపోతే గీకివేసి కొత్తది నింపుతాం. ఇటుకను కాపాడడానికి బలి ఇచ్చేది సందును. సిమెంటు సందు ఆ దారిని మూసివేస్తుంది, నీరూ ఉప్పూ ఇటుకలోకి మళ్ళుతాయి.

ఉప్పు ఎలా నాశనం చేస్తుందో తెలిస్తే సిమెంటు మీద నా కోపం అర్థమవుతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే సముద్రపు ఉప్పు ఆ తేమను లాక్కుని కరిగిపోతుంది, అంతకు తగ్గితే తిరిగి స్ఫటికంగా గడ్డకడుతుంది. మన ఊళ్ళో తేమ రాత్రివేళ ఆ గీత దాటుతుంది, ఎండ ఎక్కాక చాలా రోజులు దిగువకు వస్తుంది. అంటే రోజుకొకసారి ఇటుక రంధ్రాలలో ఉప్పు కరిగి, మళ్ళీ స్ఫటికంగా పెరిగి, ఆ రంధ్రాల అంచులను నెడుతుంది. ఇటుక ముఖం పలుచని రేకులుగా రాలేది ఇందువల్లనే. రాయపురంలో ఒక పాత గిడ్డంగి గోడను నేను చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. ఇటుకలు వేలి లోతు తినుకుపోయి, వాటి చుట్టూ సిమెంటు సందులు మాత్రం తేనెపట్టు గదుల అంచుల్లా నిలబడి ఉన్నాయి. మేస్త్రీ పని చాలా గట్టిదే. నిలవవలసిన గోడ మాత్రం పోయింది.

“మేము వేసింది గుప్పెడే కదా” అన్నది తరువాతి ప్రశ్న. కొద్దిగా వేసినందువల్ల మేలు కొద్దిగా కూడా జరగదు. సిమెంటుకు తన బలం తనకు రావడానికి చాలినంత మోతాదు లేదు, సున్నం మెల్లగా రాయి అయ్యే క్రమాన్ని మాత్రం అది చెడగొడుతుంది. పైగా సిమెంటులోని క్షారాలూ సల్ఫేట్లూ గోడలో ఇదివరకే ఉన్న ఉప్పుకు తోడవుతాయి. త్వరగా గట్టిపడాలన్నదే మీ కోరిక అయితే దానికి మన పెద్దల దగ్గరే ఉపాయం ఉంది: తక్కువ కాలిన ఇటుకను దంచి జల్లించిన సుర్కీ. ఒక పాలు సున్నం, ఒక పాలు సుర్కీ, రెండు పాళ్ళు ఇసుక. కాలిన మట్టి సున్నంతో కలిసి తేమలో కూడా గట్టిపడుతుంది, గాలి ఆడడమూ మానదు. అయితే నల్లగా మాడిన ఇటుక పొడి ఇందుకు పనికిరాదు, అది వట్టి ఇసుకతో సమానం. సముద్రపు గుల్లలతో సిమెంటు తయారుచేసే తొలి ప్రయత్నం 1904లో ఈ మద్రాసులోనే జరిగి విఫలమైంది. ఆ వైఫల్యం ఇంకొంతకాలం సాగి ఉంటే నా ఉత్తరాల సంచి తేలికగా ఉండేదని అప్పుడప్పుడు అనుకుంటాను.

ఇదివరకే సిమెంటు పడిన సందులను ఏం చేయాలి? ఇటుక కంటే సిమెంటు గట్టిగా పట్టి ఉన్నచోట కదిలించకండి, ఉలి పెడితే ఇటుక అంచు దానితోపాటు వస్తుంది. వదులైనచోట మాత్రం సన్నని ఉలితో తీసివేయండి. గ్రైండర్ మిషను నా పాఠాలలో లేదు, ఇకముందూ ఉండదు. తెల్లగా పూసిన ఉప్పును పొడిగా ఉన్నప్పుడే మెత్తటి కుంచెతో ఊడ్చి, చేటలోకి ఎత్తి బయట పారవేయండి. నీళ్ళతో కడిగితే అది కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది.

సున్నంలో కలిపే కరక్కాయ, బెల్లం నీళ్ళ గురించి చాలామంది అడిగారు. చక్కెర ఉన్న నీటిలో సున్నం మరింతగా కరుగుతుంది కాబట్టి నున్నటి మద్రాసు గచ్చు పూతకు ఆ నీరు ఉపయోగపడుతుంది. సందులకు నేను వాడను. బెల్లం ఎక్కువైతే సున్నం రోజుల తరబడి మెత్తగా ఉంటుంది, చీమలు వేరే.

నింపే పద్ధతి నాలుగవ పాఠంలో ఉన్నదే, రెండు మాటలే చేరుస్తాను. లోతు సందును ఒకేసారి నింపకుండా వేలి మందం చొప్పున, సందు కంటే సన్నని ఇనుప పట్టీతో వెనక్కి అదిమి నింపాలి. చివరి పొరను తాపీతో నున్నగా రుద్దకండి. బొటనవేలు దిగబడని, గోరు మాత్రం దిగే దశలో గట్టి కుంచెతో పొడిచినట్లు కొడితే పైన చేరిన పలుచని సున్నపు పొర విరిగి రంధ్రాలు తెరుచుకుంటాయి. పడమటి గోడ పని ఉదయం, తూర్పు గోడ పని మధ్యాహ్నం నీడ వచ్చాక చేయండి. పది రోజులపాటు తడి గోనెపట్టాలు కాస్త ఎడంగా వేలాడదీయాలి. ప్లాస్టిక్ షీటు చుట్టిన ఒకరికి నెల తరువాత కూడా సున్నం పచ్చిగానే ఉంది, గాలి చేరనిదే అది రాయి కాదు. నేను సంక్రాంతి తరువాతనే తాపీ పడతాను. వానాకాలంలో మొదలుపెట్టినవారికి నా దగ్గర సలహా లేదు.

అభ్యాసం. ఇంటి గోడను ఇంకో మూడు నెలలు ముట్టుకోవద్దు. ఊడిన పాత ఇటుకలు పన్నెండు తెచ్చి, మూడేసి ఇటుకల చొప్పున నాలుగు చిన్న దిమ్మెలు కట్టండి: ఎండిన ఇసుకతో ఒకటి, తడి ఇసుకను అదే తట్టతో కొలిచి ఒకటి, సుర్కీతో ఒకటి, మీకు ఇంకా నమ్మకం కుదరకపోతే గుప్పెడు సిమెంటుతో ఒకటి. నాలుగింటినీ ఒకే నీడలో ఉంచి, పది రోజులు ఒకే తీరుగా తడిపి, తరువాత అడుగు భాగాలను వేలెడు లోతు ఉప్పునీటిలో నిలబెట్టి, నీరు తగ్గినప్పుడల్లా పోస్తూ ఉండండి. తొంభై రోజులకు ప్రతి దిమ్మె నుంచీ ఒక సందును అడ్డంగా విరిచి, విరిగిన ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లండి. గులాబీ రంగు వచ్చిన భాగం ఇంకా పచ్చి సున్నం, రంగు రాని అంచు రాయిగా మారినది. ఆ ద్రావణం దొరకనివారు స్పిరిట్‌లో పసుపు కలిపి చల్లవచ్చు, పారాణిలా ఎర్రబడుతుంది గాని హద్దు అంత తేటగా తెలియదు. సిమెంటు కలిసిన దిమ్మెలో ఈ రంగును నమ్మవద్దు, అక్కడ ఇటుక ముఖాన్ని మాత్రమే చూడండి. మిగిలిన మూడింటిలో రంగు రాని అంచు మందాన్ని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి, ఉప్పు ఇటుక మీద తేలిందో సందు మీద తేలిందో చూసి, రెండూ ఒకే కాగితం మీద రాసి పంపండి. ఆ కాగితాలు చేరాకే మిద్దె కప్పు పాఠం.