ఆరో తరగతికి ఏ బడి? బెజవాడలో తేల్చుకునే పద్ధతి

ఐదో తరగతి చదువుతున్న పిల్లలున్న ఇళ్లకు విజయవాడలో వేసవి రాకముందే ప్రైవేటు పాఠశాలల సిబ్బంది రావడం మొదలవుతుంది. వారిలో చాలామంది ఆ బడిలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయులే. తమకు అప్పగించిన అడ్మిషన్ల లెక్క పూర్తి చేయడానికి సాయంత్రాలు వీధులు తిరుగుతుంటారు. వారిని గౌరవంగా కూర్చోబెట్టి మాట్లాడాలి గాని, ఆ రోజే అడ్వాన్సు కట్టకూడదు. ప్రభుత్వ బడులన్నీ ఒక తీరు, ప్రైవేటు బడులన్నీ మరో తీరు అనుకుని మొదలుపెడితే నిర్ణయం తప్పుతుంది. ఇంటికి అందుబాటులో ఉన్న రెండు మూడు బడులను పేరుపేరునా చూసి పోల్చుకోవాలి.

చూడవలసింది బడి నడుస్తున్న రోజుల్లోనే. మన రాష్ట్రంలో సాధారణంగా ఏప్రిల్ 24 నుంచి సెలవులు ఇచ్చి జూన్ 12న బడులు తెరుస్తారు కాబట్టి, మే నెలలో వెళ్లినవారికి రంగులు వేసిన గోడలు, ఆఫీసు గది తప్ప ఏమీ కనిపించవు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక పూట సెలవు పెట్టుకుని వెళ్లడం మేలు.

ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు వెళ్లినప్పుడు ముందుగా అది ఎవరి యాజమాన్యంలో ఉన్నదో తెలుసుకోవాలి. పటమటలోది జిల్లా పరిషత్ పాఠశాల అయితే, సత్యనారాయణపురంలో ఆంధ్రకేసరి పేరు పెట్టుకున్నది నగరపాలక సంస్థది. తర్వాత ప్రధానోపాధ్యాయుణ్ణి అడగవలసినది ఒక్కటే: గణితం, ఇంగ్లీషు, భౌతికశాస్త్రం స్కూల్ అసిస్టెంట్ పోస్టులు ఇప్పుడు భర్తీ అయి ఉన్నాయా, బదిలీల తర్వాత ఏవైనా ఖాళీ అయ్యాయా? డీఎస్సీ రాసి వచ్చిన గణితం మాస్టారు నిలకడగా ఉన్న బడిని నేను ఏ ఖరీదైన క్యాంపస్‌కూ తీసిపోయేదిగా అనుకోను. ఆ పోస్టు ఏడాదిగా ఖాళీగా ఉంటే మాత్రం మిగతా సౌకర్యాలు ఎన్ని ఉన్నా వెనకాడతాను. 2019లో మొదలైన నాడు-నేడు పనుల వల్ల చాలా బడుల రూపం మారింది గాని, మరుగుదొడ్లలో నీళ్లు వస్తున్నాయో లేదో మధ్యాహ్న భోజనం వేళ మనం చూస్తేనే తెలుస్తుంది.

ప్రైవేటు బడిలో అడగవలసినవి ఎక్కువ. బెంజ్ సర్కిల్ దగ్గర ఫలితాల రోజున వెలిసే ఫ్లెక్సీలో 600కు 590 దాటిన పిల్లల ఫొటోలు ఉంటాయి. ఆ పిల్లలు ఏ బ్రాంచివారు, ఆ బ్రాంచిలో మొత్తం ఎంతమంది పరీక్ష రాశారు, వరసలో నడిమధ్య నిలిచిన విద్యార్థికి ఎన్ని మార్కులు వచ్చాయి అని అడగండి. మన పిల్లవాడు చేరేది ఎక్కువగా ఆ నడిమి వరసలోనే. అంతకంటే ముఖ్యం సెక్షన్ల సంగతి. చాలా బడుల్లో మార్కులను బట్టి పిల్లలను విడదీసి, మొదటి సెక్షన్‌కు అనుభవమున్న ఉపాధ్యాయులను, చివరి సెక్షన్లకు కొత్తగా చేరినవారిని ఇస్తారు, ఫీజు మాత్రం అందరికీ ఒకటే. మా అమ్మాయిని చేర్చిన బడిలో ఈ మాట మాకు దసరా సెలవులు అయ్యాక గాని తెలియలేదు. అప్పటికే లెక్కల టీచర్లు ఇద్దరు మారిపోయారు. అందుకే సెక్షన్ ఎలా నిర్ణయిస్తారు, ఎన్నాళ్లకు మారుస్తారు, మూడేళ్లకు మించి పనిచేస్తున్న ఉపాధ్యాయులు ఎందరు అన్నవి చేరకముందే అడిగి తెలుసుకోవాలి. 8వ తరగతి వరకు ప్రవేశానికి పరీక్ష పెట్టడాన్ని, డొనేషన్ వసూలు చేయడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ నిషేధించిందని కూడా గుర్తుంచుకోవాలి.

డబ్బు లెక్క ఒక ఏడాదికి కాక ఐదేళ్లకు వేయాలి. ఆరో తరగతి ఫీజు 50 వేలు, ఏటా 10 శాతం పెంపు అనుకుంటే పదో తరగతి అయ్యేసరికి 3 లక్షల 5 వేలు దాటుతుంది. బస్సు, పుస్తకాలు, యూనిఫాం దీనికి అదనం. పిల్లల చదువు కోసం తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం సొమ్ము ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెండింటిలో చదివే అర్హులైన పిల్లలకూ వర్తిస్తుంది కాబట్టి ఈ పోలికలో దాన్ని లెక్కలోకి తీసుకోనక్కరలేదు. సమయం లెక్క కూడా ఇలాంటిదే: సింగ్ నగర్ నుంచి బెంజ్ సర్కిల్ దాటి వెళ్లే పిల్ల ఉదయం ఏడింటికి బస్సెక్కి, స్టడీ అవర్స్ ముగించుకుని చీకటి పడ్డాక ఇల్లు చేరితే, ఆడుకోవడానికి, అన్నం తింటూ నాలుగు మాటలు చెప్పడానికి ఏమి మిగులుతుందో చూసుకోవాలి.

తొందరలో చాలామంది గమనించని విషయం, ప్రభుత్వ బడిలో చదివినవారికే దొరికే అవకాశాలు. 8వ తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ (కేంద్ర ప్రభుత్వ ప్రతిభా ఉపకార వేతనం) పరీక్షలో ఎంపికైతే 9 నుంచి ఇంటర్ వరకు ఏటా 12 వేల ఉపకార వేతనం వస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు మించకూడదు, ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలే అర్హులు. 9వ తరగతికి ప్రైవేటుకు మారితే అది ఆగిపోతుంది. నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీట్లు పదో తరగతి మార్కుల మీద ఇస్తారు. హాస్టల్ లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల్లో చదివినవారికి 4 శాతం అదనపు స్కోరు కలుపుతారు. తాడికొండ గురుకులం, నవోదయ వంటివి కావాలనుకుంటే ప్రవేశ పరీక్షల తేదీలను ముందే చూసుకోవాలి, ఎందుకంటే గురుకులాల్లో ప్రవేశం ప్రధానంగా 5వ తరగతికే ఉంటుంది, నవోదయ పరీక్షను 5వ తరగతి చదువుతుండగానే రాయాలి.

ఏ బడికి మారినా టీసీ తీసుకునే రోజున పిల్లల పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాశారో లేదో ఆఫీసులోనే నిలబడి చదువుకోండి. పదో తరగతి మార్కుల మెమోలోకి ఎక్కేవి అవే. ఫీజు బాకీ పేరుతో పాత బడి టీసీ ఆలస్యం చేసినా, 8వ తరగతి లోపు పిల్లలను ప్రభుత్వ బడిలో చేర్చుకోవడానికి అది అడ్డు కాకూడదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. ఆ మాటను ప్రధానోపాధ్యాయుడికి మర్యాదగా గుర్తు చేయవచ్చు.