కంపెనీ కాగితాలు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: వాటా ఎవరిది, పెత్తనం ఎవరిది?

పోయిన పాఠంలో మెమోరాండం, అంటే కంపెనీ పెట్టేటప్పుడు రాసుకునే మూల పత్రం, చదివాం. దాని చివర సంతకాలు పెట్టినవాళ్లను గుర్తుపెట్టుకోమన్నాను కదా, ఈసారి వాళ్లతోనే మొదలుపెడదాం.

గుంటూరులో బావా బావమరుదులు మిర్చి పొడి వ్యాపారానికి ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టారనుకోండి. చెరో 5,000 షేర్లు. మెమోరాండం మీద సంతకాలు వాళ్లవే కాబట్టి కంపెనీ రిజిస్టరైన రోజు నుంచే ఇద్దరూ సభ్యులు. కొన్నాళ్లకు పక్కింటి మాస్టారు 3 లక్షలు తెచ్చిచ్చారు. ‘ఇక మీరూ మా పార్ట్‌నరే మాస్టారూ’ అన్నారు వీళ్లు. షేర్లు మాత్రం కేటాయించలేదు, సభ్యుల రిజిస్టర్‌లో ఆయన పేరు ఎక్కించలేదు. అలాంటప్పుడు మాస్టారు సభ్యుడు కాదు. ఆయనకు ఓటు లేదు, డివిడెండ్ (కంపెనీ లాభంలోంచి వాటాదారులకు పంచే డబ్బు) అడిగే హక్కూ లేదు. డబ్బిచ్చిన వాళ్లెవరైనా ముందు అడగాల్సింది ఆ రిజిస్టర్‌లో తమ పేరు ఉందా అనే. డీమ్యాట్‌లో, అంటే కాగితం కాకుండా ఎలక్ట్రానిక్ రూపంలో షేర్లుంటే, వాటి ఖాతాలు చూసే సంస్థ అయిన డిపాజిటరీ రికార్డులో ఉన్న పేరే లెక్క.

మామూలుగా వాటాదారు, సభ్యుడు ఒకరే. గ్యారంటీ కంపెనీల్లో (కంపెనీ మూతపడితే ఇంత ఇస్తామని సభ్యులు హామీ ఇచ్చేవి) మాత్రం షేర్లే లేకుండా సభ్యులుండొచ్చు. సేవా సంస్థలు కొన్ని ఈ పద్ధతిలోనే నడుస్తాయి.

ఇక డైరెక్టర్లు. డైరెక్టర్ అంటే యజమాని అనుకుంటారు చాలామంది, అది పొరపాటు. ఒక్క షేరు లేకపోయినా డైరెక్టర్ కావచ్చు, కంపెనీ నియమావళి షేరు ఉండాలని అడిగితే తప్ప. ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరు, పబ్లిక్ కంపెనీకి ముగ్గురు కావాలి. రోజువారీ పెత్తనం బోర్డుది, అంటే డైరెక్టర్లందరిదీ కలిపి. డివిడెండ్ సంగతే చూడండి. ఎంత ఇవ్వాలో బోర్డు సిఫారసు చేస్తుంది, ఏజీఎంలో (ఏటా జరిగే సభ్యుల సమావేశం) సభ్యులు ఆమోదిస్తారు. సభ్యులు దాన్ని తగ్గించగలరు గానీ ఒక్క రూపాయి కూడా పెంచలేరు.

మరి బోర్డు దారి తప్పితే? మన హైదరాబాద్‌లోనే చూశాం. 2008 డిసెంబర్ 16న సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం బోర్డు, దాని ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను దాదాపు 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పుకుంది. వాటాదారుల ఓటు అడగలేదు. పేరున్న స్వతంత్ర డైరెక్టర్లు (యాజమాన్యంతో సంబంధం లేని బయటివాళ్లు) కూడా ఆ బోర్డులో ఉన్నారు. మదుపరులు భగ్గుమనడంతో కొన్ని గంటల్లోనే ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న రాజు లేఖతో లెక్కల మోసం బయటపడ్డాక ప్రభుత్వం ఆ బోర్డును తప్పించి కొత్త డైరెక్టర్లను వేసింది. ఆ కథ తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది, చిన్న వాటాదారులు ఎంతమంది నష్టపోయారో.

డైరెక్టర్‌ను తీసేయడానికి సాధారణ తీర్మానం చాలు. అంటే పడిన ఓట్లలో సగానికి మించి రావాలి. ముందుగా ప్రత్యేక నోటీసు ఇవ్వాలి, ఆ డైరెక్టర్ చెప్పుకునేది వినాలి. ఇప్పుడు మన బావా బావమరుదుల దగ్గరికి రండి. ఇద్దరికీ సరిగ్గా సగం సగం. రేపు మాటా మాటా వస్తే ఒకరు రెండోవారిని తీసేయలేరు, ఏ తీర్మానమూ నెగ్గదు. చెరి సగం అంటే వినడానికి న్యాయంగానే ఉంటుంది గానీ, నేనైతే మొదటి రోజే ఈ చిక్కు తీరే దారిని రాతపూర్వకంగా రాసుకోమంటాను.

అభ్యాసం: మీకు షేర్లున్న కంపెనీ ఏజీఎం నోటీసు ఒకటి తీయండి. ఏ అంశానికి సాధారణ తీర్మానం, దేనికి పడిన ఓట్లలో నాలుగింట మూడొంతులు అనుకూలంగా ఉండాల్సిన ప్రత్యేక తీర్మానం అన్నది పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. వచ్చే పాఠంలో ఆ నోటీసునే వరస వరస చదువుదాం.