అటక మీద దొరికిన పాత పనిముట్టు దేనికో కనిపెట్టడం ఎలా?

పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీంచి ఏదో ఒక వింత ఇనుప వస్తువు దిగుతుంది. పిడి ఉంటుంది, స్ప్రింగు ఉంటుంది, తిరిగే చక్రం కూడా ఉండొచ్చు. అది దేనికో ఇంట్లో ఎవరికీ తెలీదు. చాలాసార్లు అలాంటివి పాత ఇనుము కొట్టుకి కిలోల లెక్కన పోతాయి. అలా పంపేముందు ఒక సాయంత్రం దాని కోసం కూర్చోండి. అది ఏ పని చేసిందో చెప్పే గుర్తులు చాలావరకు దాని ఒంటి మీదే ఉంటాయి.

ముందు తోమకండి

ఇనుమైతే గరుకు కాగితం, ఇత్తడైతే చింతపండు పట్టుకుని కూర్చోవడం మనకి అలవాటు. ఇక్కడ మాత్రం వద్దు. సందుల్లో ఇరుక్కున్న మురికే మొదటి సాక్ష్యం. లక్క కనిపిస్తే కంసాలి పని వైపు, తోలు పొట్టు ఉంటే చెప్పులు కుట్టే పని వైపు, రంపప్పొట్టు ఉంటే వడ్రంగం వైపు ఆలోచించాలి. పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా దులిపి, రాలినదాన్ని తెల్ల కాగితం మీద పట్టి చూడండి. బిగుసుకున్న కీలుకి ఒక చుక్క నూనె వేసి రాత్రంతా వదిలేయండి. బలవంతంగా తిప్పొద్దు.

ఒక్క జాగ్రత్త. అది నాలుగు వైపులా మూసుకుపోయిన గుండులానో, తూటాలానో కనిపిస్తే చేత్తో ముట్టుకోకుండా 112కి ఫోన్ చేయండి.

బలం ఎటు వెళ్తోందో చూడండి

చెయ్యి ఎక్కడ పట్టుకుంటుంది? ఒక చెయ్యా, రెండా? మీరిచ్చిన బలం చివరికి ఎక్కడ బయటపడుతోంది? పిడి పొడుగ్గా ఉండి, దవడలు పొట్టిగా, కీలుకి దగ్గరగా ఉంటే అది గట్టిగా నొక్కడానికో, కత్తిరించడానికో చేసినది. మన అడకత్తెర అలాంటిదే. దవడలు పూర్తిగా కలుస్తాయా, మధ్యలో సందు మిగులుతుందా అన్నది కూడా చూడాలి. సందు మిగిలితే అందులో ఏదో వస్తువు దూరాలి. ఆ సందు మందం కొలిస్తే ఆ వస్తువు మందం తెలిసినట్టే.

అరుగుదల చదవండి

నాకు అన్నిటికన్నా నమ్మకమైన సాక్ష్యం ఇదే. పనిలో రాసుకున్న చోటు నున్నగా ఉంటుంది, మిగతా చోట అచ్చు గరుకు అలాగే ఉంటుంది. పై అంచు పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే దాన్ని సుత్తితో కొట్టి వాడారని అర్థం. దెబ్బ గుర్తు ఒక్కటీ లేకపోతే నెట్టడానికో, లాగడానికో వాడి ఉంటారు. ఉదాహరణకి వరసగా చిల్లులున్న ఉక్కు పలక ఒకటి దొరికిందనుకోండి. ప్రతి చిల్లూ ముందుదానికన్నా కాస్త చిన్నది, పైగా ఒక వైపు వెడల్పు, రెండో వైపు సన్నం. అది కంసాలి కమ్మచ్చు. బంగారు, వెండి తీగని వరసగా ఒక్కో చిల్లులోంచి లాగుతూ సన్నం చేస్తారు.

ఇప్పుడు కాస్త కష్టమైన ఉదాహరణ చూద్దాం. కటింగ్ ప్లయర్ లాంటి వస్తువు. నోటి దగ్గర చిన్న ఉక్కు చక్రం, దాని చుట్టూ 4 నుంచి 12 దాకా అంకెలు. పిడి నొక్కితే లోపల్నుంచి సన్నటి ఉక్కు ముక్క ముందుకొచ్చి చక్రం అంచుని తాకుతుంది. చూడగానే బెల్టుకి చిల్లులు పొడిచేది అనిపిస్తుంది. కానీ చిల్లు పొడవాలంటే బోలు గొట్టం ఉండాలి, ఇక్కడ లేదు. చక్రం అంచుని వేలితో తడిమితే ఏటవాలుగా చెక్కి ఉంటుంది, ఆ వాలు ఒక్కో అంకె దగ్గర ఒక్కోలా మారుతుంది. నోట్లో పట్టేది పల్చటి రేకు మాత్రమే. అంటే, రేకు అంచున ఉన్న చిన్న భాగాన్ని కొలత ప్రకారం పక్కకి వంచుతోంది. అది రంపం పన్ను! పళ్లని ఒకటి కుడికి, ఒకటి ఎడమకి వంచితేనే కోత రంపం రేకుకన్నా వెడల్పుగా పడుతుంది, రంపం చెక్కలో బిగుసుకోదు. ఆ అంకెలు అంగుళానికి ఎన్ని పళ్లున్న రంపమో చెప్పేవి. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో తయారైన ఎక్లిప్స్ 77 అనే పనిముట్టు ఈ రకందే.

అక్షరాలు వెతకండి

గది చీకటి చేసి టార్చి పక్కనుంచి వేయండి. లేదా పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌ని అడ్డంగా రుద్దండి. కంటికి కనపడని అచ్చు కాగితం మీదికి వస్తుంది.

దేశం పేరు ఉంటే కాలం కొంత తెలుస్తుంది. విదేశీ సరుకు మీద దేశం పేరు వేయాలని బ్రిటన్ 1887లో, అమెరికా 1890లో చట్టాలు చేశాయి. డి.ఆర్.పి. అని ఉంటే 1877 నుంచి 1945 దాకా నడిచిన జర్మన్ పేటెంటు. వెస్ట్ జర్మనీ అని ఉంటే 1949 తర్వాతది. మన దగ్గర రైల్వే ముద్రలు కూడా వెతకాలి. ఎం అండ్ ఎస్ఎం అంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, ఎన్ఎస్ఆర్ అంటే నిజాం స్టేట్ రైల్వే. రెండూ 1951లో కొత్త జోన్లలో కలిసిపోయాయి కాబట్టి ఆ ముద్ర ఉన్నది అంతకుముందుదే అనుకోవచ్చు. ప్లస్ ఆకారం గాడి ఉన్న స్క్రూ కనిపిస్తే, ఆ స్క్రూ 1930లకి ముందుది కాదు. అయితే తర్వాతెప్పుడో రిపేరులో వేసి ఉండొచ్చు, అది మర్చిపోకండి.

పేటెంటు నంబరు దొరికితే సగం పని అయిపోయినట్టే. అమెరికా పాత పేటెంట్లు బొమ్మలతో సహా గూగుల్ పేటెంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. నంబరు లేకపోతే తెల్ల గుడ్డ మీద పెట్టి, పక్కన స్కేలు ఉంచి, నాలుగు వైపులా ఫొటోలు తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. అది చూపించేవి పోలికలు మాత్రమే, తేల్చుకోవాల్సింది మీరే.

పనివాళ్ల చేతికివ్వండి

ఊళ్లో పెద్ద వయసు కమ్మరి, వడ్రంగి, కంసాలి ఎవరున్నా వెళ్లండి. “ఇది ఫలానాదే కదా మావయ్యా?” అని మొదలుపెట్టకండి. మొహమాటానికి అవునంటారు. “దీన్ని ఎలా పట్టుకుంటారు?” అని అడిగి చేతికివ్వండి. పేరు గుర్తుకి రాకపోయినా చెయ్యి సరైన చోటికి వెళ్తుంది. ఏ వేలు ఎక్కడ పెట్టారో చూడండి, వీలైతే వీడియో తీసుకోండి. పుస్తకాల్లోకి ఎక్కని జ్ఞానం ఇది, వాళ్లు ఉండగానే అడగాలి.

ఊహని పరీక్షించండి

మీ జవాబు నిజమైతే ప్రతి భాగానికీ ఒక పని ఉండాలి. ఒక్క స్క్రూ ఎందుకుందో చెప్పలేకపోయినా ఇంకా వెతకాలి. దవడలని సబ్బు ముక్క మీద నొక్కి, పడిన అచ్చు చూడండి. ఆ ఆకారం మీరనుకున్న పనికి సరిపోవాలి.

తేలాక సన్నగా నూనె రాసి, ఒక చీటీ కట్టండి. ఎక్కడ దొరికింది, ఎవరిది, ఎవరు గుర్తుపట్టారు అన్నవి రాయండి. ఖాయంగా తెలిసింది ఒక వైపు, మీ ఊహ రెండో వైపు.