ఎబోలా పాకుతుంటే: విదేశం నుంచి ముందే బెంగళూరు చేరడం ఎలా

ముందు చూడాల్సింది టికెట్ ధర కాదు, మధ్యలో దిగే దేశం. అది రాకపోకలు ఆపేస్తే టికెట్ ఉన్నా విమానం ఎక్కనివ్వరు. బెంగళూరుదాకా ఒకే పీఎన్ఆర్ (ఒకే బుకింగ్ నంబరు) ఉండాలి. విడిగా కొంటే, మొదటి విమానం రద్దయినప్పుడు రెండోదాని డబ్బు సాధారణంగా పోయినట్టే.

తిరుగు టికెట్ రద్దు చేయకండి, తేదీ మార్పించండి. విమానం బయల్దేరాక అడిగితే నో-షో (ప్రయాణికుడు రాలేదు) కింద రాస్తారు.

భయపడి వచ్చేశామంటే చాలా ఇన్సూరెన్స్ పాలసీలు పైసా ఇవ్వవు. ప్రభుత్వ సూచన స్క్రీన్‌షాట్, విమానం రద్దయిన మెయిల్, హోటల్ బిల్లు దాచండి.

ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న కార్డు చేతిసంచిలోనే ఉంచండి. ఆ జ్వరమున్న దేశం నుంచి కార్డు లేకుండా వస్తే 6 రోజులదాకా క్వారంటైన్ తప్పదు.

జ్వరముంటే ప్రయాణం ఆపి అక్కడే డాక్టరుకు చూపించుకోండి. పారాసెటమాల్ మింగి స్కానర్ దాటడం మహా తప్పు, పక్కవాళ్ల ప్రాణాల మీదికి తెస్తుంది.

దేవనహళ్లిలోని బెంగళూరు విమానాశ్రయంలో దిగాక ఆరోగ్య సిబ్బందికి తిరిగిన ఊళ్లన్నీ చెప్పండి. అటునుంచటే కర్నూలు బస్సెక్కేయకండి. 21 రోజులు పొద్దున, సాయంత్రం జ్వరం చూసి రాసుకోండి. ఒళ్లు వెచ్చబడితే ఆటోలో క్లినిక్కుకు పోవద్దు. గదిలోనే విడిగా ఉండి 108కి ఫోన్ చేసి, ఏ దేశం నుంచి వచ్చారో మొదటి మాటగా చెప్పండి.